పద్నాలుగు మంది అసిస్టెంట్ మేనేజర్లు

నాచారం పారిశ్రామిక వాడలో కరెంటు ప్యానెళ్లు తయారు చేసే ఫ్యాక్టరీలో నేను ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఇలా రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. పెళ్లిళ్లలో ఎవరైనా పక్కన కూర్చుని ఏం చేస్తారని అడిగితే, 'కంపెనీలో మేనేజర్‌ని' అని, వాళ్లు ఇంకో ప్రశ్న వేసేలోపే పెళ్లికూతురు వైపు చూసేవాణ్ణి. నిజానికి నా పని స్టోర్స్‌లోకి వచ్చిన రాగి తీగ చుట్టలూ స్విచ్‌లూ బోల్టులూ రిజిస్టరులో ఎక్కించడం, బయటికి పోయినవి కొట్టేయడం. తర్వాత రిజిస్టరు పోయి కంప్యూటర్ వచ్చింది. పని మాత్రం అదే.

మా ఫ్యాక్టరీలో జనం రెండు రకాలు. షెడ్లలో పనిచేసేవాళ్లు వర్కర్లు, ఆఫీసులో కూర్చునేవాళ్లం స్టాఫ్. వర్కర్లకి యూనియన్ ఉండేది, గేటు పక్కన ఎర్రజెండా ఉండేది. మాకు మెడలో కార్డూ, నెత్తిన ఏసీ ఉండేవి. క్యాంటీన్‌లో అందరికీ ఒకే పప్పు, ఒకే సాంబారు. అయితే మా బల్లల మీద స్టీలు జగ్గు పెట్టేవాళ్లు, వాళ్ల బల్లల మీద ప్లాస్టిక్ జగ్గు. ఆ స్టీలు జగ్గు కోసం చదువుకున్న మనిషి ఎంతకి దిగజారతాడో నేను దగ్గరుండి చూశాను. దిగజారినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంకా దగ్గరగా చూశాను.

ఒక ఏడాది వర్కర్లు సమ్మె చేశారు. పర్మినెంట్ వాళ్లని తీసేసి కాంట్రాక్టు మీద మనుషుల్ని పెట్టొద్దని వాళ్ల డిమాండ్. యూనియన్ కార్యదర్శి ఒక పెద్ద ఫిట్టర్. ఆయన మా ఆఫీసు గదిలోకి వచ్చి, చెప్పులు బయట విడిచి మరీ వచ్చి, చేతులు జోడించాడు.

"సార్లూ, ఇయ్యాల మా మీదికొచ్చింది. రేపు మీ మీదికొస్తది. జర మాతోని నిలబడుండ్రి."

చూద్దాం లెండి అన్నాం. ఆయన వెళ్లాక బాగా నవ్వుకున్నాం. మా మీదికి రావడమేమిటి, మేం స్టాఫ్ కదా! అంతటితో ఆగామా అంటే అదీ లేదు. సమ్మె జరిగినన్నాళ్లూ మా స్టాఫ్ పద్నాలుగు మందిమి చొక్కా చేతులు పైకి మడుచుకుని, తయారై ఉన్న ప్యానెళ్లని మేమే లారీలకెక్కించాం. జీవితంలో గ్యాస్ సిలిండర్ కూడా ఎత్తని నేను చెమటలు కక్కుతూ ఇనుప పెట్టెలు మోశాను. ఇంటికెళ్తే మా ఆవిడ నడుముకి మందు రాసేది. కంపెనీని మేమే నిలబెట్టామని ఆమెకి గొప్పగా చెప్పాను. సరుకు ఆగలేదు కాబట్టి సమ్మె మూడు వారాల్లో చచ్చింది.

అందుకు ప్రతిఫలం ముట్టింది. ఒక మధ్యాహ్నం మమ్మల్ని మీటింగ్ హాల్లోకి పిలిచి, డైరెక్టరుగారు స్వయంగా తలా ఒక మైసూర్‌పాక్ పెట్టె, కొత్త నియామక పత్రం పెట్టిన ఒక కవరు, ఒక విజిటింగ్ కార్డుల డబ్బా ఇచ్చారు. ఆ రోజు నుంచి మేమందరం అసిస్టెంట్ మేనేజర్లం. పద్నాలుగు మందికి పద్నాలుగు మందీ! మేనేజ్ చేయడానికి ఇక ఆఫీసులో తిరిగే పిల్లి ఒక్కటే మిగిలింది. చప్పట్లు కొట్టాం. మాలో ఒకాయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

డిస్పాచ్‌లో పనిచేసే ఆమె మాత్రం కవరు విప్పి చదివి, చెయ్యెత్తింది.

"సార్, జీతం ఏమన్న పెరుగుతదా?"

ఎంత లేకితనం అనుకున్నాం అందరం. డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. జీతం పెరగలేదు. ఆమెది ఉప్పల్. భర్త మల్లాపూర్‌లో నడిపిన చిన్న లేత్ వర్క్‌షాప్ మూతపడ్డాక ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. విజిటింగ్ కార్డుల వెనక ఆమె లారీ నంబర్లు రాసుకునేది. నేనైతే నా కార్డులు కిరాణా కొట్టతనికి కూడా ఇచ్చాను. అంతేకాదు, ఒక ఆకుపచ్చ ఇంకు పెన్ను కొన్నాను. ఆకుపచ్చ సంతకం గెజిటెడ్ ఆఫీసర్లు పెడతారు. ప్రైవేటు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తా పెట్టకూడదని ఎక్కడా రాసిలేదు కదా అని పెట్టాను.

హెచ్.ఆర్. గదికి వెళ్లే కాగితాల ట్రే నా బల్ల మీద ఉండేది, అక్కడ ఖాళీ ఉంది కాబట్టి. డిస్పాచ్ ఆమె సెలవు చీటీ కూడా అందులోనే పడేది. నేను ప్రతి చీటీ తీసి, చదివి, మూలన ఆకుపచ్చ సంతకం గిలికి మళ్లీ ట్రేలో పెట్టేవాణ్ణి. అది నా పని కాదు, ఎవరూ చేయమనలేదు. ఒకసారి ఆమె చూసింది. తర్వాత నుంచి చీటీ ట్రేలో వేయకుండా నా చేతికే ఇచ్చి, "సార్, జర సంతకం పెట్టుండ్రి" అనేది. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఈ లోగా మా బతుకులు మెల్లగా కిందికి జారుతున్నాయి. మధ్యతరగతి వాడు పేదవాడయ్యే తీరు చూడాలంటే మమ్మల్నే చూడాలి. ఎవడూ బీదవాడయ్యానని చెప్పడు. కారు అమ్మేసినవాడు, ఉప్పల్ దాకా మెట్రో వచ్చాక కారెందుకండీ అన్నాడు. కూతుర్ని పెద్ద స్కూలు మాన్పించి వీధి చివర స్కూల్లో వేసినవాడు, పిల్లకి ప్రయాణం తగ్గింది అన్నాడు. దమ్మాయిగూడలో ఫ్లాటు కొంటానన్నవాడు కొన్నాళ్లకి ఘట్‌కేసర్ అవతల గాలి బాగుంటుంది అన్నాడు, ఇంకొన్నాళ్లకి ఆ మాటే ఎత్తడం మానేశాడు. నేను మధ్యాహ్నం టీ మానేసి ఎసిడిటీ అని చెప్పాను. వింటున్నవాళ్లందరికీ తెలుసు, వాళ్లకీ అదే ఎసిడిటీ.

చివరికి ఆ ఫిట్టర్ చెప్పిన రోజు రానే వచ్చింది. స్టాఫ్ అందరూ పర్మినెంట్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఏడాది కాంట్రాక్టు మీద 'కన్సల్టెంట్లు'గా చేరాలని ఉత్తర్వు. ఏడాది ఏడాదికీ కంపెనీకి ఇష్టమైతే పొడిగిస్తారు. అప్పుడు మాకు ఐకమత్యం గుర్తొచ్చింది.

ఆ ఆలోచన డిస్పాచ్ ఆమెదే. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద పద్నాలుగు మందినీ కూర్చోబెట్టింది. "ఒక్కొక్కరు పోతే భయపడతం. ఎవ్వరు సంతకం పెట్టకపోతే గా కంపెనీ ఏం జేస్తది? ఆఫీసు నడవాలె గద?" అంది. ఎంత చిన్న మాట, ఎంత సరైన మాట! మేం ఉప్పొంగిపోయాం. వాట్సాప్ గ్రూపు పెట్టాం. పిడికిలి బొమ్మలు పెట్టాం. ఆవేశపడటంలో మాకు ఎవరూ సాటి లేరు, ముఖ్యంగా కడుపునిండా పూరీ తిన్నాక. నేను లేచి నిలబడి, చావనైనా చస్తాను గానీ సంతకం పెట్టనన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఉదయం హెచ్.ఆర్. కుర్రాడు మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. నేను మూడోవాణ్ణి. గదిలో నాలుగు నిమిషాలు ఉన్నాను. అందులో మూడు నిమిషాలు అతను ఫోన్ మాట్లాడుకున్నాడు. తర్వాత కాగితం నా వైపు తిప్పి, "సార్, మీలాంటి సీనియర్లే ముందుండాలి" అన్నాడు. బెదిరించలేదు, అరవలేదు. సీనియర్ అన్నాడు, అంతే. పెట్టాను. ఆకుపచ్చ ఇంకుతోనే పెట్టాను.

ఆమెని అందరికంటే చివర పిలిచారు. అరగంట లోపలుంది. బయటికొచ్చి మా బల్లల మధ్య నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

"పెట్టలే సార్. మనం అనుకున్నట్టే, ఖరాఖండిగ చెప్పేసిన" అంది.

పదమూడు మందిమీ కంప్యూటర్లలోకి చూస్తున్నాం. ఆమె ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చింది. నా దగ్గర కాసేపు ఆగింది. నేను స్టాప్లర్‌లో పిన్నులు ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను. ఆమె వెళ్లి టిఫిన్ డబ్బా సర్దుకుంది. సాయంత్రానికి ఆమె గేటు బయట ఉంది. మేం ఒక్కొక్కరం గ్రూపులోంచి బయటికి వచ్చేశాం. పాపం ఎవరూ మాట కూడా రాయలేదు, ఫలానా వారు వెళ్లిపోయారని ఫోనే రాసింది.

ఆమె లేబర్ ఆఫీసుకి వెళ్లింది. అక్కడి అధికారి నియామక పత్రం చూసి, నువ్వు మేనేజరువి కదమ్మా, ఈ చట్టం వర్కర్లకీ గుమాస్తాలకీ గానీ మేనేజర్లకి కాదు అన్నాడు. మైసూర్‌పాక్‌తో పాటు మేం ఏం మింగామో అప్పుడు తెలిసింది. డైరెక్టరుగారు మాకు గౌరవం ఇచ్చారనుకుని చప్పట్లు కొట్టాం. ఆయన మమ్మల్ని చట్టం బయటికి తీసుకెళ్లి, తలుపు మూసి, మిఠాయి చేతిలో పెట్టాడు.

ఆమె వదల్లేదు. లేబర్ కోర్టులో కేసు వేసింది. కార్డు మీద ఏం రాసి ఉన్నా, చేసిన పని గుమాస్తా పనే అని రుజువు చేయగలిగితే కేసు నిలుస్తుందని వకీలు చెప్పాడట. ఆ ఒక్క మాట సాక్షిగా చెప్పడానికి ఆఫీసులోంచి ఒక్క మనిషి కావాలి. ఒక ఆదివారం నాచారంలో మా ఇంటికి వచ్చింది.

"సార్, నేను ఏం పని జేసేదాన్నో మీకు ఎరుకే. లారీ నంబర్ రాసుకునుడు, చలాన్ కొట్టుడు. గంతే చెప్పుండ్రి సార్. అబద్ధం ఏం వద్దు."

ఆలోచించి చెప్తానన్నాను. ఆమె వెళ్లాక మా ఆవిడ టీ గ్లాసులు తీస్తూ, "ఆలోచించడానికేముందండీ? ఉన్నది ఉన్నట్టు చెప్పి రండి. మీరు చేసేదీ గుమాస్తా పనేగా" అంది. మా ఆవిడ మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే పెద్ద అడ్డు ఇంకోటుంది. డిస్పాచ్ ఆమె గుమాస్తా అని కోర్టులో చెప్తే, అదే కార్డు పెట్టుకున్న నేనేమిటి? మిగతా పన్నెండు మందీ ఇదే లెక్క వేసుకున్నారు. ఆమె అందరి ఇళ్లకీ తిరిగింది. ఒక్కరూ రాలేదు. ఆ పాత ఫిట్టర్ దగ్గరికి కూడా వెళ్లిందట. అప్పటికి ఆయనా ఫ్యాక్టరీలో లేడు, యూనియనూ లేదు, జెండా కర్ర మాత్రం ఉంది. "నేనొచ్చి ఏం జెప్పాలె బిడ్డా? మీ ఆఫీసుల మమ్ముల జరసేపన్న కూసోనిచ్చిన్రా ఎన్నడన్న?" అన్నాడట ఆయన. అడగవలసిన ప్రశ్నే.

నా కాంట్రాక్టు పొడిగించే నెల వచ్చింది. హెచ్.ఆర్. కుర్రాడు పిలిచి, కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పాలన్నాడు. ఆమె డిస్పాచ్ విభాగానికి అధిపతి అనీ, ఎవరి కిందా పనిచేయలేదనీ, కింది వాళ్లకి సెలవులు తనే ఇచ్చేదనీ అఫిడవిట్. చదివాను. ఒక్క ముక్క నిజం లేదు. సంతకం పెట్టాను.

కోర్టు హాలు మా స్టోర్స్ కంటే చిన్నది. ఆమె ముందు వరసలో కూర్చుని ఉంది. నేను ఆమె వైపు చూడకుండా బోనెక్కాను. కంపెనీ వకీలు అఫిడవిట్ నాదేనని చెప్పించాడు. తర్వాత ఆమె వకీలు లేచాడు. చిన్నవాడు, కోటు భుజాల దగ్గర వదులుగా ఉంది. నన్ను గట్టిగా నిలదీస్తాడని భయపడ్డాను. అతను చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, మీరూ అసిస్టెంట్ మేనేజరేనా?"

"అవునండి."

"సీనియర్ అనుకుంటాను?"

"అందరిలోకీ సీనియర్‌ని."

"మీ కింద ఎవరైనా పనిచేసేవారా, లేక ఎవరూ లేరా?"

ఎవరూ లేరు. ఇరవై రెండేళ్లలో నా కింద ఒక్క మనిషి పనిచేయలేదు. ఆ మాట చెప్తే కంపెనీకి నష్టమే, కానీ దాటవేయడానికి వంద దారులున్నాయి. గుర్తులేదనొచ్చు. హాల్లో పాతికమంది కూర్చుని ఉన్నారు. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూస్తున్నారు. ఇంతమంది ముందు ఎవరూ లేరని ఒప్పుకోవడం నావల్ల కాలేదు.

"ఉన్నారు" అన్నాను.

"ఒకరిని చెప్పండి సార్."

ఎవరిని చెప్పను? నా చేతికి కాగితమిచ్చి సార్ అన్న మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు.

"ఈ మేడమే" అన్నాను. "సెలవు కావాలన్నా నా దగ్గరికే రావాలి. నా సంతకం లేకుండా ఏ చీటీ పైకి వెళ్లేది కాదు."

అతను ఫైల్లోంచి సెలవు చీటీల నకళ్లు తీశాడు. ఈ సంతకం మీదేనా అని అడిగాడు. నాదే అని గర్వంగా చెప్పాను. కంపెనీ వకీలు తల పట్టుకున్నాడు. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. ఎవరి కిందా పనిచేయని విభాగాధిపతి, సెలవు కోసం స్టోర్స్ గుమాస్తా ముందు చెయ్యి చాచింది! జడ్జిగారు నా మాటల్ని ఒక్కొక్కటే పైకి చదువుతూ టైపిస్టుకి చెప్పారు.

ఆమె కేసు గెలిచింది. చేసింది గుమాస్తా పనేనని కోర్టు తేల్చింది, పాత ఉద్యోగంలోకి తీసుకోమంది. నా కాంట్రాక్టు పొడిగించలేదు. అందులో నాకు అన్యాయమేమీ కనిపించలేదు, కనిపించిందని ఊరంతా చెప్పుకున్నాను గానీ.

ఎందుకంటే ఊరు నన్ను వేరేగా చూడటం మొదలుపెట్టింది. కంపెనీ సాక్షిగా వెళ్లి, కంపెనీకే ఎదురు తిరిగి, ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని కదా! ఆ ఫిట్టర్ నాచారం రోడ్డు మీద కనిపించి నన్ను కౌగిలించుకున్నాడు. "మస్తు పని జేసినవ్ సారూ. గిట్ల ఒక్కడు నిలబడ్డా సాలు" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. నేను వినయంగా తల వంచుకున్నాను. మా ఆవిడ కూడా కొన్నాళ్లు నాకు పెద్ద గ్లాసుతో టీ ఇచ్చింది. అంతా తీసుకున్నాను. సంతకం పెట్టిన ఆ పన్నెండు మందిని పిరికివాళ్లని నాలుగు చోట్ల తిట్టాను కూడా. నాకంటే నీచుణ్ణి నేను ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా వెతికినా చూడలేదు.

ఇప్పుడు ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్టోర్స్ చూస్తున్నాను. మొన్న ఉదయం ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ కింద బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె ఎదురైంది, ఫ్యాక్టరీకి వెళ్తూ. కోర్టు తర్వాత చూడటం అదే మొదటిసారి. కాస్త జుట్టు నెరిసింది. బాగున్నారా సార్ అంది. నేను ఆమె కృతజ్ఞత కోసం ఎదురుచూస్తున్నాను. అది రాకపోయేసరికి నేనే ఎత్తుకున్నాను.

"ఆ రోజు బోనులో నిలబడ్డాక, మనసు ఒప్పలేదమ్మా" అన్నాను. "ఏమైతే అయిందని చెప్పేశాను."

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. సామాను లారీకెక్కించే ముందు బరువు చూసుకునే మనిషిలా చూసింది.

"గా ప్రశ్న నేనే రాసిచ్చిన సార్ వకీలుకు" అంది. "ఆయన వేరేవి అడుగుతనన్నడు. వద్దన్న. సార్ కింద ఎవ్వరు లేరా అని జర మర్యాదగ అడుగుండ్రి, గంతే సాలు అన్న. చీటీలు గూడ అందుకే తీసిపెట్టిన."

నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

"అందరం కలిసి నిలబడతమని ఒకపారి నమ్మిన సార్. అది అయిపోయింది. ఇగ మల్ల గట్ల ఎవ్వర్ని నమ్మ. మీరు మాత్రం మీలెక్కనే ఉంటరని ఎరుకే." సంచీ భుజం మీదికి సర్దుకుంది. "మీ బస్సొచ్చింది, ఎక్కుండ్రి."

ఎక్కాను. సీటు దొరికింది. ఇన్నేళ్ల జీవితంలో నన్ను అంత గట్టిగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.